కొండ ఒకటే.. మంచు పూటకో రకం

ఫిబ్రవరిలో ఒక ఉదయం. కశ్మీర్లోని గుల్మార్గ్‌లో, గండోలా అనే కేబుల్ కారు రెండో దశ చివరన తలుపులు తెరుచుకుంటాయి. సముద్రమట్టానికి దాదాపు 3,950 మీటర్ల ఎత్తున, అఫర్వాట్ కొండ భుజం మీద గాలి ఆగకుండా వీస్తుంటుంది. రాత్రి కురిసిన మెత్తని మంచును ఆ గాలి తెల్లవారేలోపే ఊడ్చేసింది. గట్టు వెంట మిగిలింది బిగుసుకుపోయి గీతలు పడ్డ పొర. స్కీ అంచు తగిలితే కరకరమంటుంది. అక్కడి నుంచి కాస్త దిగి ఉత్తరం వైపు గాడిలోకి తిరగ్గానే ఆ చప్పుడు ఆగిపోతుంది. మోకాలి లోతు పొడిమంచు, స్కీయర్లు ‘పౌడర్’ అని పలవరించేది అదే. నాలుగు మలుపులు తిప్పి ఎండ తగిలే వాలు మీదికి వస్తే, నిన్న పగలు కరిగి రాత్రి గడ్డకట్టిన పెచ్చు. గండోలా మొదటి దశ ఆగే కాంగ్‌డోరి దగ్గర యంత్రంతో చదును చేసిన గట్టి దారి. ఇంకా కిందికి, అడవి నీడ దాటాక, మధ్యాహ్నానికి నీరెక్కి బరువైన మంచు. గుల్మార్గ్ మైదానం చేరేసరికి దిగిన ఎత్తు 1,300 మీటర్లు. ఆ దారిలో మంచు అయిదు రకాలు. కాళ్లకున్న స్కీలు మాత్రం ఒకటే జత.

ఆ జతనే ‘ఆల్ మౌంటెన్’ స్కీ అంటారు. పోటీల్లో వాడే సన్నని స్కీకి గట్టి దారి కావాలి. హెలికాప్టర్లో కొండెక్కి దిగేవాళ్లు వాడే బాగా వెడల్పాటి స్కీకి లోతైన మంచు కావాలి. ఆల్ మౌంటెన్ స్కీ ఈ రెంటి నడుమ నిలబడి, కొండ మీద ఎదురయ్యే ప్రతి మంచునూ దాటించే పని నెత్తిన వేసుకుంది. ఏ మంచులో అది చక్కగా నడుస్తుంది, ఎక్కడ తడబడుతుంది అన్నది తెలిస్తే అద్దెకు తీసుకునేవారికీ కొనేవారికీ డబ్బూ మోకాళ్లూ రెండూ మిగులుతాయి.

ఈ సంగతి ఇప్పుడు మాట్లాడుకోవడానికి కారణం ఉంది. కశ్మీర్లో చలికాలం ఇదివరకటిలా నడవడం లేదు. 2024 జనవరిలో, చలి తీవ్రంగా ఉండే నలభై రోజుల ‘చిల్లై కలాన్’ సాగుతుండగానే, గుల్మార్గ్ బోసిపోయి కనిపించింది. మంచు ఆ నెలాఖరుకు గానీ పడలేదు. 2025 ఫిబ్రవరిలో అక్కడ జరగాల్సిన ఖేలో ఇండియా వింటర్ గేమ్స్ పోటీలు చాలినంత మంచు లేక వాయిదా పడి మార్చిలో జరిగాయి. రోజుల తరబడి పొడి వాతావరణం, ఉన్నట్టుండి భారీగా మంచు, వెంటనే ఎండ. ఇలాంటి సీజన్లో ఒకే వాలు మీద వారం తిరక్కుండానే నాలుగు రకాల మంచు కనిపిస్తుంది. హైదరాబాద్ నుంచో విశాఖ నుంచో స్కీయింగ్ నేర్చుకోవడానికి బయల్దేరేవారు ఫొటోల్లో చూసిన పౌడర్ కోసం సిద్ధమై వెళ్తారు. అక్కడ కాళ్ల కింద ఉండేది మరొకటి కావచ్చు.

నడుము చుట్టూ తిరిగే కథ

దాదాపు ప్రతి స్కీ మీదా మూడు అంకెలు ఉంటాయి. ముక్కు దగ్గర వెడల్పు, మధ్యలో బూటు కింద వెడల్పు, తోక దగ్గర వెడల్పు. ఉదాహరణకు 132-96-120. అన్నీ మిల్లీమీటర్లే. వీటిలో మధ్య అంకెను నడుము అంటారు. స్కీ స్వభావాన్ని అన్నిటికంటే ఎక్కువగా నిర్ణయించేది అదే. చదును దారుల స్కీలకు నడుము 65 నుంచి 80 వరకు, పౌడర్ స్కీలకు 110, ఆపైన. దాదాపు 80 నుంచి 105 మధ్య ఉన్నవి ఆల్ మౌంటెన్ కిందికి వస్తాయి. ఈ గీతలు కచ్చితమైనవి కావు. ఒక కంపెనీ ఆల్ మౌంటెన్ అని అమ్మేదాన్ని మరో కంపెనీ వేరే పేరుతో అమ్ముతుంది.

నడుము సన్నగా ఉంటే ఒక అంచు మీది నుంచి రెండో అంచు మీదికి మారడం తేలిక. 70 మిల్లీమీటర్ల స్కీ మీద పాదం మధ్య నుంచి అంచుకు దూరం 35 మిల్లీమీటర్లు. 100 మిల్లీమీటర్ల స్కీ మీద అదే 50. ఈ పదిహేను మిల్లీమీటర్లు చిన్నవేం కావు. గట్టి నేల మీద స్కీని వాల్చి పట్టుకోవాలంటే ఆ మేరకు చీలమండ, మోకాలు అదనంగా కష్టపడాలి. రోజంతా తిరిగాక తొడలకు ఆ తేడా తెలిసొస్తుంది. మెత్తని మంచులో లెక్క తిరగబడుతుంది. వెడల్పు పెరిగే కొద్దీ బరువు ఎక్కువ చోట పరుచుకుని స్కీ తేలుతుంది.

నడుము తర్వాత చూడాల్సింది వంపు. స్కీని బల్ల మీద పెట్టి పక్కనుంచి చూస్తే, మధ్య భాగం కాస్త పైకి లేచి ముక్కు, తోక వైపు ఆని ఉండటం పాతకాలపు పద్ధతి. దీన్ని ‘క్యాంబర్’ అంటారు. మనిషి ఎక్కి నిలబడగానే ఆ వంపు అణిగి, అంచు పొడవునా నేలను నొక్కుతుంది. గట్టి మంచు మీద పట్టు వచ్చేది దానివల్లే. ముక్కు ముందుగానే పైకి లేచి ఉంటే అది ‘రాకర్’. మెత్తని మంచులో ముక్కు పాతుకుపోకుండా ఇది కాపాడుతుంది. అయితే లేచిన భాగం చదును దారి మీద నేలను తాకదు కాబట్టి అంత మేరా అంచు పనిచేయదు. ఇప్పటి ఆల్ మౌంటెన్ స్కీలు చాలావరకు పాదం కింద క్యాంబర్, ముక్కు దగ్గర రాకర్, తోక దగ్గర కొద్దిపాటి రాకర్‌తో వస్తాయి.

మూడు మలుపులు

ఈ ఆకారం ఒక్కసారిగా పుట్టలేదు. 1950లో హోవార్డ్ హెడ్ అనే అమెరికన్ ఇంజినీరు అల్యూమినియం పొరల మధ్య చెక్కను బిగించి ‘హెడ్ స్టాండర్డ్’ స్కీని తెచ్చాక చెక్క స్కీల కాలం ముగియసాగింది. అయినా తర్వాత నాలుగు దశాబ్దాలు స్కీలు పొడవుగా, సన్నగా, దాదాపు తిన్నని అంచులతోనే ఉన్నాయి. వాటితో లోతు మంచులో దిగడం గట్టిగా చేయి తిరిగినవారికే సాధ్యం.

మొదటి మలుపు ఆస్ట్రియాలో. 1980ల చివర్లో అటామిక్ కంపెనీ ఇంజినీరు రూపర్ట్ హ్యూబర్ ఒక స్నోబోర్డును నిలువునా రెండుగా కోయించి చూశాడు. అందులోంచే ‘ఫ్యాట్ బాయ్’ అని పేరుపడ్డ లావు స్కీలు పుట్టాయి. రెండోది స్లొవేనియాలో. ఎలాన్ కంపెనీకి చెందిన యూరి ఫ్రాంకో, పావెల్ ష్కోఫిచ్ ముక్కు, తోక వెడల్పుగా, నడుము సన్నగా ఉండే స్కీని రూపొందించారు. 1993లో ‘ఎస్‌సీఎక్స్’ పేరుతో అది బయటికొచ్చింది. స్కీని వాల్చితే చాలు, తనంతట తాను వంపు తిరుగుతుంది. మలుపు తిప్పడం నేర్చుకోవడానికి సీజన్లు పట్టే రోజులు అంతటితో పోయాయి.

మూడో మలుపు తిప్పిన మనిషి షేన్ మెకాంకీ. కెనడాలో పుట్టి, కాలిఫోర్నియాలోని టాహో సరస్సు ప్రాంతంలో స్థిరపడిన సాహసి ఆయన. మంచు లోతుగా ఉన్నప్పుడు స్కీయర్ తేలుతున్నది నీటి మీద తేలినట్టే కదా, అలాంటప్పుడు స్కీ ఆకారం గట్టి నేల కోసం ఎందుకుండాలి అన్నది ఆయన ప్రశ్న. 1996లో అర్జెంటీనాలో ఒక బార్‌లో కాగితం రుమాలు మీద తన ఊహకు బొమ్మ గీశాడు. ఎవరూ పట్టించుకోలేదు. కొన్నేళ్లకు నీళ్ల మీద ఆడే వాటర్ స్కీలకే బూట్లను పట్టే బైండింగులు బిగించి అలాస్కా కొండల మీది నుంచి దిగి చూపించాడు. 2002లో వోలాంట్ కంపెనీ ‘స్పాచులా’ పేరుతో ఆ ఆకారాన్ని తయారుచేసింది. ముక్కూ తోకా రెండూ పైకి లేచి, నడుము దగ్గర లావుగా, మామూలు స్కీకి పూర్తిగా తలకిందులుగా ఉంటుంది. గట్టి దారి మీద అది దాదాపు పనికిరాదు. పౌడర్లో మాత్రం అంతకు ముందు ఎవరూ చూడనంత సులువు. 2009 మార్చిలో ఇటలీలోని డోలమైట్ పర్వతాల్లో స్కీలతో కొండకొమ్ము మీది నుంచి దూకే సాహసంలో మెకాంకీ ప్రాణాలు కోల్పోయాడు. ఆయన తెచ్చిన రాకర్ ఇవాళ దాదాపు ప్రతి ఆల్ మౌంటెన్ స్కీ ముక్కులోనూ ఉంది.

> మంచు బరువెంత?
> ఒక ఘనపు మీటరు మంచు బరువు, కిలోల్లో:
> గాలి లేనప్పుడు అప్పుడే పడిన పొడిమంచు: 50–70
> తేమగా పడిన కొత్త మంచు: 100–200
> కొన్ని రోజులు కుదురుకున్న మంచు: 200–300
> గాలి అదిమి గట్టిపరిచిన మంచు: 350–400
> గాలి బుడగల్లేని ఐస్: 917
> అంటే స్కీ కింద ఉండే పదార్థం సాంద్రత పది రెట్లకు మించి మారిపోతుంది.

పౌడర్‌లో: తేలుతుంది, ఒక లోతు వరకు

గుల్మార్గ్ ఉన్న పిర్ పంజాల్ శ్రేణికి మంచు తెచ్చేది మధ్యధరా వైపు నుంచి వచ్చే పశ్చిమ అలజడులు. ఒక అలజడి గట్టిగా తగిలితే అఫర్వాట్ మీద ఒక్క రాత్రిలో అడుగుకు పైగా కొత్త మంచు చేరుతుంది. అందులో 95 మిల్లీమీటర్ల నడుము ఉన్న స్కీ నిశ్చింతగా తేలుతుంది. మోకాలు దాటిన మంచులో మాత్రం దాని బలహీనత బయటపడుతుంది. వేగం తగ్గిన క్షణాన ముక్కు కిందికి దిగుతుంది. ముక్కు మునుగుతుందన్న భయంతో కొత్తవారు వెనక్కి వాలతారు. తొడలు పది నిమిషాల్లో మండిపోవడానికి, స్కీ మలుపు తిరగకపోవడానికి అదే కారణం. చదును దారి మీద బయటి కాలి మీద బరువు వేయాలని నేర్పుతారు. పౌడర్లో బరువు రెండు కాళ్ల మీదా ఇంచుమించు సమానంగా ఉండాలి. లేకుంటే ఒక స్కీ మునిగి రెండోది తేలి, రెండూ రెండు దారులు పడతాయి.

పౌడర్ అంతా ఒక్కలా ఉండదు. జపాన్‌లోని హొక్కైడో దీవి మీద సైబీరియా నుంచి వచ్చే చల్లగాలి సముద్రపు తేమను మోసుకొచ్చి, చలికాలం పొడవునా తేలికైన మంచును కురిపిస్తుంది. కృత్రిమంగా తొలి మంచు స్ఫటికాన్ని సృష్టించిన శాస్త్రవేత్త ఉకిచిరో నకాయా అక్కడి విశ్వవిద్యాలయంవారే. ఆ పని 1936లో జరిగింది. అమెరికాలో ఎడారి దాటి వచ్చే యూటా మంచు పొడిగా ఉంటుంది. పసిఫిక్‌కు దగ్గరైన సియెర్రా నెవాడా, క్యాస్కేడ్ కొండల్లో పడేది తడిసిన బరువు మంచు. దానికి అక్కడివాళ్లే ‘సియెర్రా సిమెంట్’, ‘క్యాస్కేడ్ కాంక్రీట్’ అని పేర్లు పెట్టారు. బే ఏరియా నుంచి టాహోకూ, సియాటెల్ నుంచి క్యాస్కేడ్స్‌కూ వారాంతాల్లో వెళ్లే తెలుగు కుటుంబాలకు పరిచయమైన పౌడర్ ఇదే. బరువు మంచులో స్కీ తక్కువ లోతుకే ఆగుతుంది, కాబట్టి తేలడం సమస్య కాదు. మలుపు తిప్పేటప్పుడు పక్కలకు నెట్టడమే కష్టం. తోక సన్నబడి, కొద్దిగా లేచి ఉన్న స్కీ ఇక్కడ ఎంతో మేలు చేస్తుంది.

పగలు పదకొండు గంటలయ్యేసరికి నలుగురూ దిగి ఆ పౌడర్‌ను చీల్చేస్తారు. ఒకచోట గుట్ట, పక్కనే గీరుకుపోయిన నేల. స్కీయర్లు దీన్ని ‘క్రడ్’ అంటారు. ఈ రోజుల్లో కొనుగోలుదారులు స్కీ తేలిగ్గా ఉండాలని కోరుతున్నారు. ఎక్కేటప్పుడు ఆ తేలిక మంచిదే. క్రడ్‌లో మాత్రం తేలికైన స్కీ గుట్ట తగిలినప్పుడల్లా ఎగిరిపడుతుంది. ఒక్కో స్కీ రెండు కిలోల దగ్గర తూగి, లోపల లోహపు పొర ఉంటే గుట్టలను కోసుకుంటూ పోతుంది. ఆ లోహాన్ని ‘టైటనాల్’ అంటారు. పేరులో టైటానియం వినిపించినా అది అల్యూమినియం మిశ్రమం. అదిరిపాటును మింగేయడం దాని ప్రత్యేకత. మంచు ఎంత లోతని కాకుండా ఎంత చెదిరి ఉందని చూసుకునేవారికి ఈ బరువు భారం అనిపించదు.

గట్టి దారి మీద: పట్టు ఎంత?

ఆల్ప్స్ పర్వతాల్లోని కేంద్రాల్లో రాత్రంతా పెద్ద యంత్రాలు వాలును దువ్వుతాయి. తెల్లవారేసరికి సన్నని చాళ్లు పడిన గట్టి మంచు సిద్ధంగా ఉంటుంది. చాలాచోట్ల అందులో కొంత భాగం ఫిరంగుల్లాంటి యంత్రాలు చిమ్మిన కృత్రిమ మంచు. సహజ మంచు స్ఫటికాలకు కొమ్మలుంటాయి. కృత్రిమ మంచు గుండ్రని చిన్న రేణువులు, అందుకే దగ్గరగా ఒదిగి త్వరగా గట్టిపడుతుంది. 2022 బీజింగ్ వింటర్ ఒలింపిక్స్ దాదాపు మొత్తంగా అలాంటి మంచు మీదే జరిగాయి. భారత్ నుంచి ఏకైక క్రీడాకారుడిగా వెళ్లిన గుల్మార్గ్ ప్రాంతపు యువకుడు ఆరిఫ్ ఖాన్ జెయింట్ స్లాలమ్‌లో 45వ స్థానంలో నిలిచారు. ఆ పోటీ స్కీల నడుము 65 మిల్లీమీటర్లకు మించకూడదన్నది నిబంధన. గట్టి మంచు మీద సన్నదనం విలువ ఎంతో ఆ ఒక్క అంకె చెబుతుంది.

ఆల్ మౌంటెన్ స్కీ ఇక్కడ చతికిలపడదు. పోటీ స్కీతో సమానం కూడా కాదు. 85–90 నడుము, రెండు లోహపు పొరలు, పదును తగ్గని అంచు ఉంటే చదును దారి మీద ఉదయమంతా హాయిగా కోస్తూ దిగొచ్చు. 100 దాటిన స్కీ అదే దారి మీద మలుపులోకి ప్రవేశించడానికి ఆలస్యం చేస్తుంది. వేగం పెరిగితే లేచి ఉన్న ముక్కు టపటపా కొట్టుకుంటుంది. అది చూసి కంగారు పడనక్కర్లేదు, పాదం కింద భాగం నేలను పట్టుకునే ఉంటుంది.

అసలు పరీక్ష నీలంగా మెరిసే ఐస్. అక్కడ నడుము కంటే, ధర కంటే ముఖ్యమైనది అంచు పదును. మామూలుగా అడుగు వైపు ఒక డిగ్రీ, పక్క వైపు రెండు మూడు డిగ్రీల వాలుతో అంచును అరగదీస్తారు. మొద్దుబారిన అంచుతో ఉన్న ఖరీదైన స్కీ కంటే, నిన్న రాత్రి పదును పెట్టిన పాత స్కీ ఐస్ మీద మేలు. అద్దె దుకాణంలో గోటిని అంచుకు అడ్డంగా మెల్లగా గీసి చూస్తే తెలిసిపోతుంది. గోటి మీది నుంచి సన్నని తెల్లని పొడి లేస్తే పదును ఉన్నట్టు. జారిపోతే మరో జత అడగాలి.

పెచ్చు: ఏ స్కీకీ లొంగనిది

కొండ మీద స్కీయింగ్‌కు అన్నిటికంటే కష్టమైన మంచు ఐస్ కాదు, పౌడరూ కాదు. పైన గట్టిగా, లోపల మెత్తగా ఉండి, మనిషి బరువు పడగానే పగిలే పెచ్చు. చల్లారిన పాల మీద మీగడలా పైకి నున్నగా, నిలకడగా కనిపిస్తుంది. గుల్మార్గ్‌లో ఇది రెండు దారుల్లో తయారవుతుంది. ఒకటి గాలి. మంచు రేణువులను దొర్లించి, కొమ్మలు విరిచి, పలకలా అతికిస్తుంది. రెండోది ఎండ. ఆల్ప్స్ 46 డిగ్రీల అక్షాంశం దగ్గర ఉంటే గుల్మార్గ్ 34 దగ్గర ఉంది. ఫిబ్రవరిలోనే సూర్యుడు బాగా పైకొస్తాడు. దక్షిణం వైపు వాలు మీద కొత్త మంచు పడిన మర్నాటికే పైపొర కరిగి, రాత్రికి బిగుసుకుంటుంది. అదే కొండకు ఉత్తరం వైపున మంచు రోజుల తరబడి పొడిగానే ఉంటుంది. అందుకే అక్కడి గైడ్లు ఏ వాలు ఎటు చూస్తోందన్నది ముందుగా చూస్తారు.

పెచ్చు పగిలినప్పుడు స్కీ లోపలికి దిగుతుంది. మలుపు తిప్పబోతే పెచ్చు చీలిన అంచు స్కీ పక్కను పట్టేసుకుంటుంది. శరీరం తిరుగుతుంది, కాలు తిరగదు. మోకాలి లోపలి లిగమెంటు తెగేందుకు ఇది అనువైన పరిస్థితి. బూటును స్కీకి బిగించే బైండింగు ఒక స్థాయి బలం దాటితే వదిలేసేలా తయారవుతుంది. స్కీయర్ బరువు, ఎత్తు, వయసు, బూటు పొడవు, నేర్పు చూసి దాన్ని సరిచేయాలి. అద్దె దుకాణంలో ఈ వివరాలు అడగకుండానే స్కీ చేతికిస్తే, తీసుకునేవారే పట్టుబట్టి సరిచేయించుకోవాలి.

ఈ మంచులో ఆల్ మౌంటెన్ స్కీ పనితీరు పూర్తిగా ముక్కు ఆకారం మీద ఆధారపడి ఉంటుంది. ముక్కు చివర మరీ వెడల్పుగా ఉంటే పెచ్చు కింద చిక్కుకుంటుంది. రాకర్ ఉండి, వెడల్పైన భాగం కాస్త వెనక్కి జరిగి ఉంటే పైకి తేలివచ్చే అవకాశం ఎక్కువ. 100 దాటిన నడుము, నిదానమైన పెద్ద మలుపులు, రెండు కాళ్లూ దగ్గరగా. ఇంతకు మించి పరికరం చేయగలిగింది లేదు. పెచ్చు కనిపిస్తే వాలుకు అడ్డంగా జారుకుంటూ పక్క వాలు చేరడమే అనుభవజ్ఞులు కూడా చేసే పని.

ఎండాకాలపు గింజలు

మార్చి రెండో సగం నుంచి కొండ మీద మరో రకం మంచి రోజులు మొదలవుతాయి. పగలు కరగడం, రాత్రి గడ్డకట్టడం రోజూ జరిగితే మంచు రేణువులు అతుక్కుని గుండ్రని గింజలవుతాయి. దీన్నే ‘కార్న్’ అంటారు. తెల్లవారుజామున అది రాయంత గట్టి. ఎండ తగిలి పైన ఒక అంగుళం మేర వదులయ్యాక రెండు గంటలపాటు అంత అనువైన నేల మరొకటి దొరకదు. కింద గట్టిగా ఆధారం ఉంటుంది, పైన అంచు తేలిగ్గా దిగుతుంది. సన్న స్కీ, వెడల్పు స్కీ అన్న తేడా దాదాపు చెరిగిపోతుంది. తూర్పు వాలు ముందుగా, పడమటి వాలు ఆలస్యంగా ఈ స్థితికి వస్తాయి కాబట్టి ఎండ వెంట వాలు మారుస్తూ పోతే ఆ రెండు గంటలను పొడిగించుకోవచ్చు.

మధ్యాహ్నం దాటితే అదే గింజలు నీళ్లలో నానిన ముద్దవుతాయి. ఇక్కడ వెడల్పు స్కీ మళ్లీ పైచేయి సాధిస్తుంది. సన్నని స్కీ ముద్దలోకి దిగబడి ఆగుతుంది, 95 నడుముది పైపైన దాటేస్తుంది. అయితే నడుము ఒక్కటే చాలదు. స్కీ జారడం దాని అడుగున ఉండే పల్చని నీటి పొర మీద. రాపిడి వేడే ఆ నీటిని పుట్టిస్తుందని 1939లోనే బౌడెన్, హ్యూస్ అనే శాస్త్రవేత్తలు స్విట్జర్లాండ్ మంచు మీద ప్రయోగాలు చేసి చెప్పారు. సున్నాకు కొద్ది డిగ్రీలు దిగువన స్కీ బాగా జారుతుంది. మైనస్ 20 దగ్గర నీటి పొర చాలక మొరాయిస్తుంది. వసంతపు ముద్దలో నీరు మరీ ఎక్కువై అడుగును పట్టి పీలుస్తుంది. ఉన్నట్టుండి స్కీ ఆగి, మనిషి ముందుకు పడేది అప్పుడే.

> అడుగుకు కావలసినవి
> స్కీ అడుగు గట్టి పాలిథీన్‌తో తయారవుతుంది. దానిలోకి వ్యాక్స్ ఇంకుతుంది. చలి ఎక్కువగా ఉంటే గట్టి వ్యాక్స్, వెచ్చగా ఉంటే మెత్తనిది వాడతారు. అడుగున యంత్రంతో సన్నని గాళ్లు చెక్కుతారు. పొడిమంచుకు సన్నవి, తడిమంచుకు లోతైనవి. నీరు ఆ గాళ్ల వెంట బయటికి పోతుంది. ఫ్లోరిన్ కలిసిన వ్యాక్స్‌లు తడిమంచులో చాలా వేగాన్నిస్తాయి. పర్యావరణానికీ ఆరోగ్యానికీ హాని అని అంతర్జాతీయ స్కీ సమాఖ్య 2023–24 సీజన్ నుంచి పోటీల్లో వాటిని నిషేధించింది. అద్దె స్కీ అడుగు తెల్లబారి, పీచుగా కనిపిస్తే వ్యాక్స్ వేసి చాలా రోజులైందని అర్థం.

సులువుతో వచ్చిన ముప్పు

వెడల్పు స్కీలు, రాకర్ వచ్చాక లోతు మంచు అందరికీ అందింది. ఇరవై ఏళ్లు సాధన చేస్తే గానీ దిగలేని వాలు మీదికి ఇప్పుడు మూడో సీజన్లోనే వెళ్తున్నారు. ఈ మార్పు ఆనందాన్నిచ్చింది, దానితోపాటే మనుషులను మంచు చరియలు జారే మార్గాల్లోకి నెట్టింది. మంచు పలకలు ఎక్కువగా జారేది 30 నుంచి 45 డిగ్రీల వాలు మీద. పౌడర్ దిగడానికి సరదాగా ఉండేదీ ఆ వాలే. 2024 ఫిబ్రవరి 22న గుల్మార్గ్ పై వాలుల్లో మంచు చరియ విరుచుకుపడి రష్యాకు చెందిన స్కీయర్ ఒకరు మరణించారు. పొడి జనవరి తర్వాత భారీగా మంచు పడిన సీజన్ అది. పాత మంచు పొర బలహీనపడి ఉన్నప్పుడు దాని మీద కొత్త బరువు పడితే జారే ప్రమాదం పెరుగుతుంది. మంచు కరువు గురించి మాట్లాడేటప్పుడు ఈ ప్రమాదం ఎవరి నోటా రాదు. రావాలి.

మంచు కింద చిక్కుకున్నవారిని బతికించుకోవడానికి దొరికే సమయం పది, పదిహేను నిమిషాలే. బయటి నుంచి సాయం వచ్చేలోపు ఆ గడువు దాటిపోతుంది. పక్కనున్న తోడే కాపాడాలి. అందుకు ఇద్దరి దగ్గరా సంకేతాలు పంపే ట్రాన్సీవర్, పొడవాటి ప్రోబ్ కడ్డీ, పార ఉండాలి, వాడటం తెలిసి ఉండాలి.

ఎవరికి ఏది?

మొదటిసారి వెళ్లేవారికి ఆల్ మౌంటెన్ స్కీల్లో సన్నవి, 80 నుంచి 85 నడుము ఉన్నవి చాలు. పొడవు గడ్డానికీ ముక్కుకూ మధ్యకు రావాలి. గుల్మార్గ్ మైదానంలోని చిన్న వాలుల మీద, ఉత్తరాఖండ్‌లోని ఔలీలో నేర్చుకునేవారికి ఎదురయ్యేది ఎక్కువగా అదిమిన మంచే. అక్కడ వెడల్పు స్కీ తీసుకుంటే మొదటి రోజు పాఠంలో అంచు మార్చడంతోనే కాళ్లు అలసిపోతాయి. నిజానికి మొదట్లో స్కీ కంటే బూటు ముఖ్యం. మడమ లేవకూడదు, వేళ్లు కదలాలి. ఒకే మందపాటి సాక్స్ వేసుకోవాలి, రెండు వేసుకుంటే కాళ్లు తిమ్మిరెక్కుతాయి.

కాంగ్‌డోరి చెయిర్ లిఫ్ట్ దగ్గర ధైర్యంగా దిగగలిగి, అఫర్వాట్ వైపు చూసేవారికి 95 నుంచి 102 సరైన కొలత. అక్కడ చదును దారి తక్కువ, సహజమైన కొండ ఎక్కువ. ఆల్ప్స్‌కు వెళ్లేవారికి అదే స్కీ అవసరానికి మించిన వెడల్పు, 82–90 మధ్య ఉన్నదానితో వాళ్లు సుఖంగా ఉంటారు. టాహోలో, క్యాస్కేడ్స్‌లో తరచూ దిగే తెలుగువారికి 95 దగ్గర నడుము, లోపల లోహం ఉన్న బరువైన స్కీ నచ్చుతుంది. హొక్కైడో జనవరికి 105, అంతకు పైన.

అన్ని మంచుల్లోనూ అగ్రస్థానంలో నిలిచే స్కీ ఇంతవరకు రాలేదు. ఉన్నవాటిలో ఆల్ మౌంటెన్ స్కీ చెదిరిన పౌడర్లో, కార్న్‌లో, వసంతపు ముద్దలో అత్యుత్తమం; చదును దారి మీదా అడుగు లోతు పౌడర్లోనూ మంచిది; నీలి ఐస్ మీద, పగిలే పెచ్చులో, నడుము లోతు మంచులో రెండో ఎంపిక. ఏడాదికి వారం పది రోజులకు మించి మంచు ముఖం చూడనివారు కొనకపోవడమే మేలు. అద్దెకు తీసుకుంటే ఆ రోజు మంచును బట్టి జత మార్చుకోవచ్చు. గుల్మార్గ్ స్కీ గస్తీ బృందం ఇచ్చే మంచు చరియల హెచ్చరిక చదివి, గైడును వెంట తీసుకుని, ట్రాన్సీవర్ పనిచేస్తోందో లేదో గండోలా ఎక్కక ముందే చూసుకోండి. ఇవి లేకుండా పై వాలుల వైపు వెళ్లకండి.